వీసా వార్తల్లో కనిపించని యజమాని



2025 సెప్టెంబరు 19, శుక్రవారం నాడు అమెరికా అధ్యక్షుడు ట్రంప్ ఒక ప్రకటన మీద సంతకం పెట్టారు. విదేశీ నిపుణులకిచ్చే హెచ్-1బి వీసా మీద కొత్తగా మనిషిని తెచ్చుకోవాలంటే కంపెనీ లక్ష డాలర్లు కట్టాలన్నది దాని సారం. వాషింగ్టన్‌లో శనివారం అర్ధరాత్రి దాటగానే అమలు. మన గడియారంలో అది ఆదివారం పొద్దున తొమ్మిదిన్నర. తెలంగాణలో ఆ రోజు ఎంగిలిపూల బతుకమ్మ. సెలవు పెట్టుకుని పండక్కి ఇంటికొచ్చిన పిల్లలున్నారు. మైక్రోసాఫ్ట్, అమెజాన్, జేపీ మోర్గాన్ వంటి కంపెనీలు తమ ఉద్యోగులకు మెయిళ్ళు పంపాయి. బయట ఉన్నవాళ్ళు గడువులోగా వచ్చేయండి, లోపల ఉన్నవాళ్ళు కదలొద్దు అని. విమాన టికెట్ల ధరలు అమాంతం లేచాయి. శాన్‌ఫ్రాన్సిస్కోలో దుబాయి విమానం ఎక్కి కూర్చున్నవాళ్ళలో కొందరు దిగి వెనక్కి పోయారు.

సంతకం జరిగిన గదిలోనే అమెరికా వాణిజ్య మంత్రి హోవార్డ్ లుట్నిక్ ఈ లక్ష డాలర్లు ఏటా కట్టాల్సినవన్నట్టు మాట్లాడారు. మర్నాడు వైట్‌హౌస్ ప్రెస్ సెక్రటరీ కారొలైన్ లెవిట్ అది ఒక్కసారి కట్టేదే అన్నారు. కొత్త దరఖాస్తులకే వర్తిస్తుంది, ఇప్పటికే వీసా ఉన్నవాళ్ళు నిశ్చింతగా వెళ్ళిరావచ్చు అన్నారు. ప్రకటన పూర్తి పాఠం మొదటి రోజే వైట్‌హౌస్ వెబ్‌సైటులో ఉంది. అందులో గజిబిజి ఉన్నమాట నిజమే. కానీ ఏటా కట్టాలన్న ముక్క మాత్రం ఎక్కడా లేదు. పొడిగించకపోతే పన్నెండు నెలలకు దానంతటదే ముగుస్తుందన్న వాక్యం మాత్రం ఉంది. మన టీవీ చానళ్ళు ఆ రాత్రి మంత్రిగారి మాటను పట్టుకుని బాంబు, పిడుగు, సునామీ అన్నీ వాడేశాయి. నెల తిరిగాక, అక్టోబరు 20న, అమెరికా వలస సేవల శాఖ మరో వివరణ ఇచ్చింది. అక్కడే చదువుకుంటూ విద్యార్థి వీసా నుంచి హెచ్-1బికి మారేవాళ్ళకు సాధారణంగా ఈ లక్ష వర్తించదని. మన పిల్లల్లో ఎక్కువమంది వెళ్ళే దారి అదే. అప్పుచేసి ఎం.ఎస్.కు పంపిన తల్లిదండ్రుల్లో ఎంతమంది చెవిన ఆ మాట పడింది?

వీసా మంచిదా చెడ్డదా అని తీర్పు చెప్పడానికి నేనీ పూట మైకు ముందు కూర్చోలేదు. పాతికేళ్ళకు పైగా ఈ వార్తలు చదువుతున్నాను. రాసేది న్యూయార్క్ పత్రికైనా హైదరాబాద్ పత్రికైనా ఒక మనిషి మాత్రం కథలోంచి తప్పుకుంటూనే ఉన్నాడు. వచ్చే భారతీయుడు కనిపిస్తాడు. ఉద్యోగం పోయిన అమెరికన్ కనిపిస్తాడు. ట్రంప్ ఎలాగూ కనిపిస్తారు. దరఖాస్తు పెట్టేవాడు, జీతం ఎంతో తేల్చేవాడు, ఆ పనిని రేపు ఏ దేశానికి పంపాలో నిర్ణయించేవాడు, అంటే యజమాని, ఆయన మాత్రం కనిపించడు. కనిపించినా నిపుణుడిగా కనిపిస్తాడు. అభిప్రాయం చెప్పి వెళ్ళిపోతాడు.

ముందు చట్టం సంగతి చూద్దాం. 1990లో పెద్ద బుష్ సంతకం పెట్టిన వలస చట్టంతో హెచ్-1బి ఇప్పటి రూపంలోకి వచ్చింది. ఏడాదికి 65,000 అన్న పరిమితి అప్పటిదే. అప్పటికి హైదరాబాదులో హైటెక్ సిటీ లేదు. సైబర్ టవర్స్ ప్రారంభమైంది 1998లో. 2000 సంవత్సరం రాగానే కంప్యూటర్లు మొరాయిస్తాయన్న వైటూకే భయం, ఇంటర్నెట్ కంపెనీల జోరు కలిసిరావడంతో అమెరికా కాంగ్రెస్ ఆ పరిమితిని 1998లో 1,15,000కు, 2000లో మూడేళ్ళపాటు 1,95,000కు పెంచింది. అమీర్‌పేట మైత్రీవనం చుట్టుపక్కల గల్లీలన్నీ కోచింగ్ బోర్డులతో నిండిపోయిన రోజులవి. ఆ మూడేళ్ళూ గడిచాక మళ్ళీ 65,000. అమెరికాలో మాస్టర్స్ చేసినవాళ్ళకు విడిగా 20,000. ఈ లెక్క ఇప్పటికీ అంతే.

పరిమితి ఎంతన్నదే అందరూ రాశారు. అసలు కీలకం 1998 చట్టంలోనే ఇంకోచోట ఉంది. తన సిబ్బందిలో నూటికి పదిహేను మందో అంతకంటే ఎక్కువో హెచ్-1బి వాళ్ళే ఉన్న కంపెనీని ఆ చట్టం వేరుగా లెక్కగట్టింది. మామూలుగా యాభై ఒక్క మందో అంతకంటే ఎక్కువో ఉన్న కంపెనీలకు ఈ కొలత. అలాంటి కంపెనీ అమెరికన్లను తీసేసి వీళ్ళను పెట్టుకోకూడదు, ముందు స్థానికుల కోసం నిజాయితీగా వెతకాలి అంది. వినడానికి ఎంత బాగుందో చూడండి. ఆ వెంటనే, వీసా మీద వచ్చేవాడికి ఏడాదికి 60,000 డాలర్లు ఇచ్చినా, వాడికి మాస్టర్స్ డిగ్రీ ఉన్నా ఈ షరతులేవీ వర్తించవంది. ధరలు పెరిగినకొద్దీ ఆ అరవై వేలు పెరగాలన్న నిబంధన పెట్టలేదు. 1998 నాటి అరవై వేలకు ఇవాళ దాదాపు రెట్టింపు ఉంటేగాని అదే విలువ రాదు. అంకె మాత్రం అక్కడే ఉంది. ఎంట్రీ లెవెల్ ప్రోగ్రామర్‌కు ఇచ్చే జీతంతోనే కంపెనీ ఆ షరతుల నుంచి బయటపడుతుంది. ఇది దొంగదారి కాదు, చట్టమే వేసిన రాజమార్గం.

2015లో దీని ఫలితం బయటపడింది. దక్షిణ కాలిఫోర్నియాకు కరెంటు సరఫరా చేసే సదరన్ కాలిఫోర్నియా ఎడిసన్ తన ఐ.టి. విభాగంలో సుమారు 500 ఉద్యోగాలను తీసేసి, ఆ పనిని టి.సి.ఎస్., ఇన్ఫోసిస్‌లకు అప్పగించింది. ఆ సంగతి మొదట గట్టిగా రాసింది పెద్ద దినపత్రికలు కాదు, కంప్యూటర్‌వరల్డ్ అనే సాంకేతిక పత్రిక. దాదాపు అదే కాలంలో ఫ్లోరిడాలోని ఆర్లాండోలో డిస్నీ 250 మంది దాకా ఐ.టి. ఉద్యోగులను తొలగించింది. వెళ్ళేలోగా, తమ స్థానంలో వచ్చినవాళ్ళకు పని నేర్పాల్సి వచ్చింది. నేర్పితేనే వెళ్ళేటప్పుడు ఇచ్చే డబ్బు చేతికొస్తుంది. మనవాళ్ళ భాషలో దీన్ని ‘కేటీ ఇవ్వడం’ అంటారు. నాలెడ్జ్ ట్రాన్స్‌ఫర్. గచ్చిబౌలిలో ఏ కుర్రాణ్ణి అడిగినా చెబుతాడు, రోజూ వాడే మాట. ఆ కేటీ ఇచ్చిన డిస్నీ ఉద్యోగి ఒకాయన 2016లో సెనేట్ ఉపసంఘం ముందు చెబుతూ చెబుతూ ఏడ్చేశాడు.

మన తెలుగు పత్రికల్లో ఆయన ఏడుపు గురించి చదివిన గుర్తు నాకు లేదు. కేటీ తీసుకున్నవాళ్ళలో మన పిల్లలు కూడా ఉండే ఉంటారు. వాళ్ళు చేసిన నేరమేమీ లేదు. అమెరికా వెళ్ళే ఆన్‌సైట్ అవకాశం వచ్చిందని ఇంట్లో పాయసం చేసుకునే ఉంటారు. అవతలి కుర్చీలో కూర్చున్నాయన ఎందుకు ముఖం చాటేస్తున్నాడో కొందరికి అక్కడికి వెళ్ళాకే తెలిసి ఉంటుంది. అమెరికన్ వార్తల్లో ఇదంతా ఎక్కువగా ‘భారతీయులు ఉద్యోగాలు లాక్కున్నారు’ అన్న కథయింది. ఇటు మన దగ్గర ‘భారతీయుల మీద అక్కసు’ అన్న కథయింది. డిస్నీ మీద వేసిన దావాలను 2016లో కోర్టు కొట్టేసింది. కంపెనీ చేసింది చట్టం ఒప్పుకున్న పనే గనక. చట్టమే అలా ఎందుకుందన్నది రెండు వైపులా పతాక శీర్షిక కాలేదు.

ఎడిసన్‌లో ఉద్యోగాలు పోయినవాళ్ళు కొందరు ‘సేవ్ జాబ్స్ యు.ఎస్.ఎ.’ అని సంఘం పెట్టుకున్నారు. వాళ్ళు కోర్టుకెక్కింది దేనిమీదో తెలుసా? హెచ్-1బి ఉద్యోగుల భార్యలు, భర్తలు ఉద్యోగం చేసుకోవచ్చని ఒబామా ప్రభుత్వం 2015లో ఇచ్చిన అనుమతి మీద. పదేళ్ళు పోరాడారు. 2025 అక్టోబరులో సుప్రీంకోర్టు విననంది. తమ ఉద్యోగం తీసిన యజమాని పక్కకు తప్పుకున్నాడు. దావా వచ్చి పడింది ఫ్రిమాంట్‌లోనో ఎడిసన్ అనే పేరున్న ఊళ్ళోనో ఇంట్లో కూర్చున్న మన అమ్మాయి నెత్తిన. పేదవాడి కోపం పెదవికి చేటంటారు. ఇక్కడ ఇంకో పేదవాడికి చేటు.

ఇప్పుడు అంకెల సంగతి. 2008 మార్చిలో బిల్ గేట్స్ అమెరికా ప్రతినిధుల సభ కమిటీ ముందు, ఒక హెచ్-1బి ఉద్యోగిని తీసుకుంటే ఆ మనిషికి తోడుగా సగటున మరో నలుగురిని తీసుకుంటున్నామన్నారు. ఆ నెలలోనే వలసలకు అనుకూలమైన ఒక అధ్యయన సంస్థ, పెద్ద టెక్నాలజీ కంపెనీలు ఒక్కో హెచ్-1బి దరఖాస్తుకు ఐదుగురిని చేర్చుకున్నాయని లెక్క చూపింది. ఏళ్ళ తరబడి ఆ నాలుగు, ఈ ఐదు వార్తల్లో తిరిగాయి. కాస్త ఆగి ఆలోచించండి. వ్యాపారం పెరుగుతున్న కంపెనీ వీసాలూ ఎక్కువ అడుగుతుంది, మనుషులనూ ఎక్కువ చేర్చుకుంటుంది. ఒకదానివల్ల రెండోది జరిగిందని ఎలా చెబుతాం? దీన్ని సరిగ్గా పరీక్షించడానికి, దరఖాస్తులు పరిమితిని మించినప్పుడు వీసాలకు తీసే లాటరీయే పనికొచ్చింది. డోరన్, గెల్బర్, ఐసెన్ అనే ఆర్థికవేత్తలు 2006, 2007 ఆర్థిక సంవత్సరాల లాటరీల్లో వీసా దక్కిన కంపెనీలను, దక్కనివాటిని పోల్చి చూశారు. దక్కినచోట ఉద్యోగాల మొత్తం చెప్పుకోదగ్గట్టుగా పెరగలేదు. కొత్తగా వచ్చినవాడు ఇంకొకరి చోటులోకే వచ్చాడని తేల్చారు.

అయితే వీసా ఆపేస్తే అమెరికన్‌కు ఉద్యోగం దొరుకుతుందా? అదీ లేదు. పెన్సిల్వేనియాలోని వార్టన్ స్కూల్లో పనిచేసే బ్రిట్టా గ్లెన్నన్ ఇంకోవైపు నుంచి చూశారు. వీసాలు దొరక్కపోతే బహుళజాతి కంపెనీలు ఏం చేస్తాయని. ఇండియా, చైనా, కెనడాల్లో ఉన్న తమ శాఖల్లో మనుషులను పెంచుకుంటాయని తేలింది. ఒక్కో వీసా తిరస్కరణకు సగటున 0.4 ఉద్యోగం బయటి దేశంలో పుడుతోందని ఆమె అంచనా. బాగా దేశదేశాల్లో విస్తరించిన కంపెనీలైతే దాదాపు ఒకటికి ఒకటి. ఈ రెండు పరిశోధనలూ కలిపి చదివితే మిగిలేది ఒకటే. వీసా ఇచ్చినా, ఆపినా కంపెనీకి దారి ఉంది, ఉద్యోగికే లేదు. కానీ వీసాలు వద్దనేవాళ్ళు మొదటిదాన్నే చూపిస్తారు, కావాలనేవాళ్ళు రెండోదాన్నే. రెండూ ఒకే వార్తలో చదివిన సందర్భాలు నాకు వేళ్ళమీద లెక్కపెట్టేన్ని.

పనిని విదేశాలకు పంపే ఆఫ్‌షోరింగ్ లెక్కలూ ఇలాంటివే. 2002లో ఫారెస్టర్ అనే పరిశోధనా సంస్థ 2015 నాటికి 33 లక్షల అమెరికన్ ఉద్యోగాలు విదేశాలకు పోతాయంది. ఆ అంచనాను 2004 ఎన్నికల ప్రచారం పొడవునా నిజమన్నట్టే వాడుకున్నారు. ఆ తర్వాత ప్రిన్స్‌టన్ ఆర్థికవేత్త అలన్ బ్లైండర్ మూడు, నాలుగు కోట్ల ఉద్యోగాలు బయటికి పంపడానికి వీలున్నవని లెక్కకట్టారు. వీలున్నవని ఆయన అంటే, పోతాయని శీర్షికలు వచ్చాయి. చెప్పిన మనిషి జాగ్రత్తగానే చెప్పాడు. పత్రిక చేతికొచ్చేసరికి ‘వీలు’ ఎగిరిపోయింది.

లెక్క ఇచ్చినవాడు ఎవరన్నదీ చూడాలి. హెచ్-1బి ఉద్యోగాల్లో పదింట ఆరుపాళ్ళు అట్టడుగు రెండు జీతాల స్థాయిల్లోనే ఉన్నాయని 2020లో చెప్పింది ఎకనామిక్ పాలసీ ఇన్‌స్టిట్యూట్. దానికి కార్మిక సంఘాల నుంచి నిధులొస్తాయి. అంతమాత్రాన లెక్క తప్పు కాదు. ఆ జీతాల స్థాయిలు ప్రభుత్వం పెట్టినవే. మొదటి స్థాయి ఆ ప్రాంతంలో ఆ పని చేసేవాళ్ళ జీతాల వరసలో నూటికి పదిహేడో చోట, రెండోది ముప్పై నాలుగో చోట ఉంటుంది. నడిమి జీతానికి రెండూ కిందే. కంపెనీ పెట్టిన జీతం దరఖాస్తును కార్మిక శాఖ ఏడు పనిదినాల్లో తేల్చాలి. అందులో ఖాళీలు పూరించారా, పైకి కనిపించే తప్పులున్నాయా అనే చూడాలి. అంతకుమించి తవ్వే అధికారం ఆ దశలో చట్టం ఇవ్వలేదు.

మన వైపు దొడ్డిదారి కూడా చెప్పకపోతే అన్యాయం అవుతుంది. 2023 వసంతంలో లాటరీకి 7,80,884 పేర్లు నమోదయ్యాయి. అందులో నాలుగు లక్షలకు పైగా నమోదులు, ఒకే మనిషి పేరు ఒకటికంటే ఎక్కువసార్లు వేసినవి. ఒక కుర్రాడికి ఐదారు కన్సల్టెన్సీలు ఐదారు చీట్లు వేసేవి. మరుసటి ఏడు నుంచి మనిషికి ఒక్క అవకాశమే అన్నారు. ఆ ఏడు సంఖ్య 4 లక్షల 80 వేలకు దిగింది. ఆపై ఏడు 3 లక్షల 59 వేల దగ్గర ఆగింది. నిజాయితీగా ఒక్క చీటీ వేసుకుని ఓడిపోయిన పిల్లలు మన ఊళ్ళల్లోనే ఎంతమందో. వాళ్ళ సీటు తిన్నది ట్రంప్ కాదు, పక్క వీధి కన్సల్టెన్సీ. 2024లో బ్లూమ్‌బర్గ్ ఈ వ్యవహారాన్ని వివరంగా బయటపెట్టింది. మన చానళ్ళలో వీసా చర్చ పెడితే నిపుణుడి కుర్చీలో కూర్చునేది మాత్రం ఇంకా కన్సల్టెన్సీ యజమానే. వీసా వార్త కింద విదేశీ చదువుల ప్రకటన వేసుకునే పత్రికను ఇంకేమడగాలి?

గ్రీన్‌కార్డు దగ్గరా ఇదే తంతు. దానికి ముందు కంపెనీ, అర్హుడైన అమెరికన్ దొరకలేదని చూపాలి. అందుకు ఇప్పటికీ ఆదివారం దినపత్రికలో రెండుసార్లు ప్రకటన వేయాలన్న నిబంధన ఉంది. ఫేస్‌బుక్ అలాంటి ఉద్యోగాలను తన వెబ్‌సైటులో పెట్టకుండా, దరఖాస్తులు తపాలాలో పంపమందని అమెరికా న్యాయశాఖ కేసు పెట్టింది. 2021లో ఫేస్‌బుక్ ఒక కోటీ 42 లక్షల 50 వేల డాలర్ల దాకా కట్టడానికి ఒప్పుకుని రాజీపడింది. 2023లో ఆపిల్ ఇలాంటి ఆరోపణల మీదే రెండున్నర కోట్ల డాలర్ల దాకా కట్టడానికి ఒప్పుకుని రాజీపడింది. ప్రపంచమంతా ఫోన్లో ఉద్యోగం వెతుక్కునే కాలంలో, ఫేస్‌బుక్ వంటి కంపెనీ పోస్టు కవర్లో దరఖాస్తు అడిగింది! ఎవరూ రాకూడదనే కదా. మరోపక్క ఆ గ్రీన్‌కార్డు కోసం వరసలో నిలబడ్డ మన వాడి సంగతి చూడండి. ఒక్కో దేశానికి ఏడు శాతమన్న పరిమితి వల్ల ఏళ్ళూ పూళ్ళూ ఎదురుచూడాలి. ఉద్యోగం పోతే అరవై రోజుల్లో ఇంకోటి దొరకాలి, లేదా సామాను సర్దుకోవాలి. 2000 నుంచి కంపెనీ మారే వీలు చట్టంలో ఉంది. కానీ గ్రీన్‌కార్డు తంతు మధ్యలో ఉన్నవాడు మారితే చాలాసార్లు మళ్ళీ మొదటికొస్తుంది. అలాంటివాడు జీతం పెంచమని గొంతెత్తగలడా? అవతల ఉద్యోగం పోయిన అమెరికన్‌కూ, ఇవతల నోరెత్తలేని మనవాడికీ బలహీనత ఒకేచోట పుట్టింది. ఇద్దరినీ ఎదురెదురుగా నిలబెట్టి పోటీ చూపిస్తే టీవీకి రేటింగు వస్తుంది.

ఇక ఇవాళ్టి హైదరాబాదు. పెద్ద కంపెనీలు మధ్యలో టి.సి.ఎస్., ఇన్ఫోసిస్ లేకుండా తమ సొంత కేంద్రాలనే ఇక్కడ పెడుతున్నాయి. గ్లోబల్ కేపబిలిటీ సెంటర్లంటున్నారు. 2024 నాటికి దేశంలో అలాంటివి 1,700 పైగా, వాటిలో 19 లక్షల మంది ఉద్యోగులని నాస్కామ్ లెక్క. నాస్కామ్ కూడా కంపెనీల సంఘమేనని గుర్తుంచుకోండి. లక్ష డాలర్ల రుసుము వార్త రాగానే, ఇక ఉద్యోగాలన్నీ మన దగ్గరికే వస్తాయని పత్రికలు రాశాయి. కొంతవరకు నిజం కావచ్చు. దానికి రెండు నెలల ముందు, 2025 జులైలోనే టి.సి.ఎస్. పన్నెండు వేల మందికి పైగా ఉద్యోగులను తీసేస్తున్నట్టు చెప్పిందన్న సంగతి ఆ కథనాల్లో ఎక్కడుంది? విదేశాలకు పంపే పనికి చెల్లించే డబ్బు మీద 25 శాతం పన్ను వేయాలని సెనేటర్ బెర్నీ మొరేనో 2025 సెప్టెంబరులో బిల్లు పెట్టారు. బిల్లు పెట్టడం వేరు, చట్టం కావడం వేరు. శీర్షికల్లో ఆ తేడా కనిపించదు. సెనేటర్ ఒకరు కాగితం ప్రవేశపెడితే చాలు, మాదాపూర్‌లో పన్ను పడిపోయినట్టే రాసేస్తారు.

అమెరికాలో తెలుగు మాట్లాడేవాళ్ళు లక్షల్లో ఉన్నారు. 2010 నుంచి 2017 మధ్య ఆ దేశంలో అన్నిటికంటే వేగంగా పెరిగిన భాషల్లో మనదొకటని అక్కడి జనగణన శాఖ సర్వే లెక్కలు చూపాయి. ఇంతమందికి సంబంధించిన విషయం మీద మన మీడియాకు వాషింగ్టన్ కాగితాలు నేరుగా చదివే విలేకరి ఒక్కడైనా ఉండొద్దా? ఏజెన్సీ వార్తకు విశేషణాలు అతికిస్తే సరిపోతుందా?

అందుకే శ్రోతలకు ఒక విన్నపం. ఏ కంపెనీ ఏ ఊళ్ళో ఏ ఉద్యోగానికి ఎంత జీతం చూపించి హెచ్-1బికి దరఖాస్తు పెట్టిందో అమెరికా కార్మిక శాఖ తన వెబ్‌సైటులో పెడుతుంది. చూడటానికి పైసా ఖర్చు లేదు. ఉద్యోగి చేతికి కూడా ఆ దరఖాస్తు నకలు ఇవ్వాలన్నది చట్టం. మీ అబ్బాయికో అమ్మాయికో స్పాన్సర్ చేస్తామని ఏ కన్సల్టెన్సీ అయినా డబ్బడిగితే, పొలం తాకట్టు పెట్టకముందే ఆ జాబితాలో దాని పేరు వెతికించండి. జీతం ఏ స్థాయిలో చూపారో చూడండి. టీవీలో రేపు ఇంకో పిడుగు పడినప్పుడు, పక్కింటాయనకు ఫోన్ చేసేముందు అసలు ఉత్తర్వు తెరిచి చదివించండి. చాలాసార్లు అది కొన్ని పేజీలే ఉంటుంది.